ఆగిపోయే ఇంజను: ఒక చిన్న యంత్రంలోని పెద్ద చరిత్ర

అమెరికాలో పట్టణాల శివార్లలోని ఇళ్ళ చుట్టూ విశాలమైన పచ్చిక నేలలు ఉంటాయి. వాటిని చూచి ఆనందించడం సులభమే కాని, ఎప్పటికప్పుడు సమంగా కత్తిరించి ఉంచడం శ్రమతో కూడిన పని. అందుకని అక్కడి గృహస్థులు చిన్న ట్రాక్టరువలె కనబడే ఒక యంత్రం మీద కూర్చుండి, దానిని నడుపుకొంటూ గడ్డి కోస్తారు. యంత్రం అడుగున పళ్ళెంవంటి కప్పు క్రింద కత్తులు గిర్రున తిరుగుతాయి. వాటిని త్రిప్పేది పెట్రోలు ఇంజను. 1950, 1960 దశాబ్దాలలో ఈ యంత్రాలు అక్కడ విరివిగా వ్యాపించినవి.

వీటి విషయంలో తరుచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. ఉదయం ఇంజను సులువుగానే అందుకొంటుంది. ఇరవై నిమిషాలు చక్కగా పనిచేస్తుంది. పిమ్మట ఒకటి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అందుకోదు. యజమాని విసిగిపోయి, నీడకు వెళ్ళి మంచినీళ్ళు త్రాగి వచ్చేసరికి, ఏమీ జరగనట్లు మళ్ళీ నడుస్తుంది. మరి ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే కథ. ప్లగ్గు మారుస్తారు, నూనె మారుస్తారు, కొత్త పెట్రోలు పోస్తారు. ఫలితం ఉండదు. ఒక్కొక్కప్పుడు తుదకు బయటపడే దోషం ఏమిటో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది: పెట్రోలు ట్యాంకు మూతలో, గుండుసూది మొన పట్టేటంత రంధ్రం దుమ్ముతో మూసుకొనిపోయినది!

ఇంత పెద్ద యంత్రాన్ని అంత చిన్న రంధ్రం ఎట్లు ఆపగలిగినది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఇంజను చరిత్ర తెలియాలి. ఎందుకంటే, ఇంజనులోని భాగాలు అన్నీ ఒక్కనాడు ఒక్కరి ఊహలో పుట్టినవి కావు. పూర్వం ఇంజను ఆగిపోయినప్పుడు, అది ఎందుకు ఆగినదో తెలుసుకొన్నవారు దానికి చెప్పిన సమాధానాలే అందులోని అనేక భాగాలు.

కొడవలి నుంచి మోటారు వరకు

పచ్చికను కోసే యంత్రాన్ని మొట్టమొదట నిర్మించినవాడు ఎడ్విన్ బడ్డింగు అనే ఆంగ్లేయుడు. ఇంగ్లండులోని స్ట్రౌడు ప్రాంతంలో ఉన్ని బట్టల మిల్లులు ఉండేవి. నేసిన బట్టపై లేచిన నూగును సమంగా కత్తిరించడానికి, చుట్టూ కత్తులు అమర్చిన ఒక స్తంభాన్ని ఆ మిల్లులలో ఉపయోగించేవారు. బట్ట మీది నూగును కత్తిరించే సాధనం నేల మీది గడ్డిని ఎందుకు కత్తిరించరాదు అని బడ్డింగుకు తోచినది. 1830 లో ఆయన తన యంత్రానికి పేటెంటు పొందినాడు. అంతకుముందు పచ్చికను పొడవైన కొడవళ్ళతో కోసేవారు.

బడ్డింగు యంత్రాన్ని మనుషులే త్రోయవలసి వచ్చేది. పెద్ద యంత్రాలకు గుర్రాలను కట్టేవారు. డెక్కల గుర్తులు పచ్చికపై పడకుండా ఆ గుర్రాల కాళ్ళకు తోలు జోళ్ళు తొడిగేవారు. 1893 లో ఆవిరితో నడిచే కోత యంత్రానికి కూడా ఒకరు పేటెంటు తీసుకొన్నారు. కాని దాని బరువు ఎక్కువ. నీరు మరిగి ఆవిరి పట్టేవరకు కాచుకొని ఉండాలి. ఇప్స్‌విచ్ నగరంలోని రాన్సమ్స్ కంపెనీ 1902 లో పెట్రోలు ఇంజనుతో నడిచే కోత యంత్రాన్ని అమ్మకానికి పెట్టినది. అప్పటి నుంచి గడ్డి కోసే మనిషికి కండల శ్రమ తగ్గినది. దానికి బదులు ఇంజను ఆగిపోతుందేమో అన్న చింత మొదలైనది.

మూడు అవసరాలు

ఇంజను నడవడానికి ముఖ్యంగా మూడు కావాలి: తగిన పాళ్ళలో కలిసిన గాలి, పెట్రోలు, ఆ మిశ్రమాన్ని గట్టిగా అదిమే ఒత్తిడి, తగిన క్షణంలో ఒక నిప్పురవ్వ. జర్మనీలో నికొలస్ ఆటో 1876 లో నిర్మించిన నాలుగు స్ట్రోకుల ఇంజను ఈ క్రమాన్ని స్థిరపరచినది. పిస్టను మొదటిసారి మిశ్రమాన్ని పీల్చుకొంటుంది, రెండవసారి అదుముతుంది, మూడవసారి మండిన వాయువులు పిస్టనును త్రోస్తాయి, నాలుగవసారి పొగ బయటకు పోతుంది.

కోత యంత్రం ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. రెండు చుట్లకు ఒకసారి మిశ్రమం మండుతుంది. అనగా ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 1,500 సార్లు, సెకండుకు 25 సార్లు ఈ మూడు అవసరాలు సరిగా సమకూడాలి. వీటిలో ఏ ఒక్కటి ఒక్క సెకండు తప్పినా ఇరవై అయిదు అవకాశాలు పోతాయి. ఇంజను ఆగిపోవడంలో వింత లేదు. అది ఆగకుండా నడవడమే వింత.

ఆటో ఇంజను గ్యాసుతో నడిచేది. గ్యాసు గాలిలో తేలికగా కలుస్తుంది. పెట్రోలు ద్రవం. దానిని గాలిలో కలపడం ఎట్లు? తొలినాళ్ళలో పెట్రోలు ఉన్న పాత్రపై నుంచి గాలిని పోనిచ్చి, లేచిన ఆవిరిని ఇంజనులోకి పంపేవారు. ఇందులో చిక్కు ఉన్నది. ఎండగా ఉన్నప్పుడు ఆవిరి ఎక్కువ లేస్తుంది; చలిగా ఉన్నప్పుడు తక్కువ. బండి కుదిపితే ఒక తీరు, నిలిచి ఉంటే ఒక తీరు. మిశ్రమం పాళ్ళు నిలకడగా ఉండవు.

తలపిన్నుతో మరమ్మత్తు

ఇటువంటి ఇంజనుతోనే 1888 ఆగస్టులో ఒక సాహసయాత్ర జరిగినది. మోటారు బండిని నిర్మించిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని జర్మనీలోని మాన్‌హైం నుంచి ఫోర్ట్జ్‌హైంకు ఆ బండిలో ప్రయాణమైనది. దూరం 100 కిలోమీటర్లకు పైగా ఉన్నది. అంతకుముందు ఎవరూ మోటారు బండిలో అంత దూరం పోలేదు. దారిలో మరమ్మత్తు చేసేవారు లేరు. పెట్రోలు బంకులు లేవు. వీస్‌లోహ్ అనే ఊరిలోని మందుల దుకాణంలో, మరకలు తుడవడానికి అమ్మే తేలిక నూనెను ఇంధనంగా కొన్నారు.

దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకొనిపోయినదనీ, బెర్తా తన టోపీకి పెట్టుకొనే పొడవైన పిన్నుతో దానిని శుభ్రం చేసినదనీ, నిప్పురవ్వకు విద్యుత్తును తెచ్చే తీగ రాచుకొని పాడుకాగా తన మేజోడు పట్టీని దానికి చుట్టినదనీ ఆ కుటుంబంవారు చెప్పినారు. గమనించదగ్గది ఏమిటంటే, ఆమె బండి అంతటినీ విప్పలేదు. ఇంధనం రాక ఆగినదా, నిప్పురవ్వ లేక ఆగినదా అని వేరుచేసి చూచినది. నేటికీ మెకానిక్కు మొదట చేయవలసిన పని అదే.

పిచికారీలోని సూత్రం

1893 నాటికి ద్రవాన్ని గాలిలో కలపడానికి కొత్త మార్గం దొరికినది. జర్మనీలో విల్హెల్మ్ మైబాహ్, హంగరీలో డొనాట్ బాంకి, యానోష్ చోంకా ఇంచుమించు ఒకే కాలంలో పిచికారీ పద్ధతిలో పనిచేసే కార్బ్యురేటరును రూపొందించినారు. దోమల మందు కొట్టే చేతి పిచికారీని ఎరిగినవారికి దీని సూత్రం సులభంగా బోధపడుతుంది. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. బెర్నూలీ 1738 లో, వెంచూరీ 1797 లో ప్రకటించిన గ్రంథాలలో ఈ విషయానికి పునాదులు ఉన్నవి. కార్బ్యురేటరులో ఆ ఇరుకైన చోటికి ఒక సన్నని నాళం తెరచుకొని ఉంటుంది. అక్కడ పీడనం తక్కువ కనుక, క్రింది గిన్నెలోని పెట్రోలును బయటి వాతావరణ పీడనం పైకి త్రోస్తుంది. అది తుంపరలై గాలిలో కలుస్తుంది. సుమారు 15 పాళ్ళ బరువు గాలికి ఒక పాలు పెట్రోలు కలిస్తే చక్కగా మండుతుంది.

గిన్నెలో పెట్రోలు మట్టం మారితే ఈ పాళ్ళు మారిపోతాయి. అందుకని గిన్నెలో ఫ్లోటు అనే తేలే బుడ్డిని ఉంచినారు. మట్టం పెరిగితే అది పైకి లేచి, ఒక సూది కవాటంతో పెట్రోలు దారిని మూస్తుంది. మట్టం తగ్గితే దిగి, దారి తెరుస్తుంది. ఇంటి మీది నీళ్ళ తొట్టిలో బంతి కుళాయి చేసే పని ఇదే.

ఇప్పుడు ట్యాంకు మూతలోని రంధ్రం సంగతి తేలుతుంది. కొత్త నూనె డబ్బాకు ఒక్క కన్నం పొడిచి వంచితే నూనె కొంచెం కారి ఆగిపోతుంది. రెండవ కన్నం పొడిస్తే ధారగా వస్తుంది. బయటికి పోయిన నూనె చోటును నింపడానికి గాలి లోపలికి రావాలి గదా! ట్యాంకు మూతలోని రంధ్రం ఆ రెండవ కన్నమే. అది మూసుకొనిపోతే, పెట్రోలు ఖర్చు అవుతున్న కొలది ట్యాంకులో పీడనం తగ్గుతుంది. ఇరవై నిమిషాలకు పెట్రోలు దిగడం మానుతుంది. గిన్నె ఖాళీ అవుతుంది, ఇంజను ఆగుతుంది. కొంతసేపు ఉంచితే సందుల గుండా గాలి మెల్లగా చొరబడి పీడనం సమమవుతుంది. మళ్ళీ పెట్రోలు దిగుతుంది. యజమాని త్రాగిన మంచినీళ్ళకు, ఇంజను నడవడానికి ఉన్న సంబంధం ఇంతే!

నిప్పురవ్వ కథ

మిశ్రమాన్ని అంటించడానికి తొలి ఇంజనులు కొన్నింటిలో, బయట మంటపెట్టి ఎర్రగా కాల్చిన గొట్టాన్ని ఉపయోగించేవారు. గాలికి మంట ఆరితే ఇంజను ఆగేది. బ్యాటరీ పెట్టుకొన్న బండ్లలో బ్యాటరీ అయిపోయేది. రాబర్టు బాష్ కర్మాగారంలో గాట్లోబ్ హోనోల్డు 1902 లో అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించినాడు. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని ఎదుట ఒకటి కదలడం వల్ల విద్యుత్తు పుడుతుంది. కావున ఇంజను తిరుగుతున్నంతసేపూ తనకు కావలసిన నిప్పురవ్వను తానే పుట్టించుకొంటుంది. కోత యంత్రాలలోని చిన్న ఇంజనులలో ఈ అయస్కాంతాన్ని గతిపాలక చక్రం అంచులోనే అమర్చుతారు. తీగచుట్ట దాని ప్రక్కన, అట్టముక్క మందమంత ఎడంలో ఉంటుంది.

ఈ తీగచుట్టకు ఒక జబ్బు ఉన్నది. చుట్టలోని సన్నని తీగలపై పూత పాతబడితే, చల్లగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసి, వేడెక్కగానే విఫలమవుతుంది. చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది. దీని లక్షణం కూడా ఇరవై నిమిషాలకు ఆగడం, విశ్రాంతి తరువాత నడవడమే! రెండు రోగాలకు ఒకే లక్షణం. ఇక్కడే ఊహ చాలదు, పరీక్ష కావాలి.

ప్రాణాల మీదికి వచ్చిన దోషం

కోత యంత్రం ఆగితే పోయేది కొంత కాలం, కొంత ఓర్పు. ఆకాశంలో ఇంజను ఆగితే పోయేది ప్రాణం. 1940 లో బ్రిటనుపై జరిగిన వైమానిక యుద్ధంలో బ్రిటిషువారి స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు మెర్లిన్ అనే బలమైన ఇంజను ఉండేది. అయినా ఒక లోపం వైమానికులను వేధించినది. శత్రు విమానాన్ని తరుముతూ ముక్కును ఒక్కసారిగా క్రిందికి వంచితే ఇంజను తడబడేది, ఒక్కొక్కప్పుడు ఆగేది. జర్మను మెసర్‌ష్మిట్ విమానాల ఇంజనులో పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉండడం వల్ల, ఆ విమానాలు అట్లే క్రిందికి దూకి తప్పించుకొనేవి.

దోషం ఫ్లోటు గిన్నెలో ఉన్నది. విమానం ఒక్కసారిగా క్రిందికి వంగినప్పుడు గిన్నెలోని పెట్రోలు పైకి ఎగసేది. మొదట నాళానికి పెట్రోలు అందక మిశ్రమం పలచబడేది. వెంటనే ఫ్లోటు స్థానం తప్పి, సూది కవాటం పూర్తిగా తెరచుకొని, పంపు త్రోసిన పెట్రోలు అంతా ఇంజనును ముంచివేసేది. ఈ రెండవ దశయే ఎక్కువ ప్రమాదకరం.

ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనశాలలో బియాట్రిస్ షిల్లింగు అనే ఇంజనీరు ఈ చిక్కును పరిశీలించినది. ఆమె మోటారు సైకిలు పందెములలో కూడా పేరుపొందినది. ఇంజను పూర్తి శక్తితో నడిచేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో అంత మాత్రమే పోనిచ్చే రంధ్రం గల చిన్న లోహపు బిళ్ళను పెట్రోలు దారిలో అమర్చితే, ముంచివేసే ప్రమాదం తప్పుతుందని ఆమె నిరూపించినది. విమానాన్ని పని నుంచి తప్పించకుండానే దీనిని బిగించవచ్చు. 1941 ఆరంభంలో ఆమె తన బృందంతో విమాన స్థావరాలకు వెళ్ళి ఈ బిళ్ళలను అమర్చినది. ఇది సంపూర్ణ పరిష్కారం కాదు. ఫ్లోటు లేని ఏర్పాట్లు తరువాత వచ్చినవి. కాని ఆ ఆపత్కాలంలో ఒక చిన్న రంధ్రం కొలత ఎందరికో రక్షణ అయినది. కోత యంత్రాన్ని ఆపినదీ రంధ్రమే, యుద్ధ విమానాన్ని నిలిపినదీ రంధ్రమే.

దోషాన్ని వెదికే పద్ధతి

కోత యంత్రం దగ్గరకు తిరిగి వస్తే, ఈ చరిత్ర అంతా పరీక్షల వరుసగా ఉపయోగపడుతుంది. ఇంజను ఎప్పుడు ఆగుతున్నదో గమనించడం మొదటి మెట్టు.

కొంతసేపు నడిచి ఆగితే, ఆగిన వెంటనే, దగ్గరలో నిప్పు లేకుండా చూచుకొని, ట్యాంకు మూతను వదులు చేయాలి. గాలి బుస్సుమని లోపలికి పోయి, ఇంజను వెంటనే అందుకొంటే దోషం మూతలో ఉన్నట్లే. అందుకోకపోతే, పెట్రోలుకు దూరంగా ప్లగ్గు దగ్గర నిప్పురవ్వను పరీక్షించాలి. వేడిలో రవ్వ లేక, చల్లారిన తరువాత కనబడితే తీగచుట్టను అనుమానించాలి.

దట్టమైన గడ్డిలోకి పోగానే ఆగితే, గాలి వడపోత దుమ్ముతో నిండి ఉండవచ్చు, లేదా కార్బ్యురేటరు నాళం కొంత పూడి ఉండవచ్చు. చలికాలమంతా నిలవ ఉన్న పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరైపోయి, జిగురు మిగిలి, నాళాన్ని పూడుస్తుంది. అమెరికాలో అమ్మే పెట్రోలులో చాలా భాగం సుమారు 10 శాతం ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతాయి. ఇంజనుకు ముందుగా అందేది ఆ అడుగు భాగమే.

అనేక యంత్రాలలో కార్బ్యురేటరు గిన్నె అడుగున విద్యుత్తుతో తెరచుకొనే కవాటం ఒకటి ఉంటుంది. దాని తీగ వదులైతే పెట్రోలు ఉండి కూడా ఇంజను ఆగుతుంది.

ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయడం ఈ పద్ధతికి ప్రాణం. ప్లగ్గు, పెట్రోలు, వడపోత మూడూ ఒకేసారి మార్చితే ఇంజను నడవవచ్చును గాని, దోషం ఎందులో ఉన్నదో తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థి పాటించే నియమం కూడా ఇదే. ఒక రాశిని మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచి, ఫలితాన్ని చూడాలి.

ఆగవలసిన ఇంజను

గతుకులలో ఎగిరినప్పుడు మాత్రమే ఆగే ఇంజను ఇంకొక రకం. దీనికి కారణం పెట్రోలు కాదు, వడపోత కాదు; చోదకుడి ఆసనం క్రింద ఉన్న మీట. మనిషి కూర్చున్నంతసేపు అది ఒక స్థితిలో ఉంటుంది. కత్తులు తిరుగుతుండగా మనిషి లేచినా, పడిపోయినా, ఆ మీట నిప్పురవ్వను ఆపివేస్తుంది. మీట పాతబడితే చిన్న కుదుపుకే మనిషి లేచినాడని పొరబడుతుంది.

ఈ మీట వెనుక కూడా చరిత్ర ఉన్నది. తిరిగే కత్తులు అనేకుల కాలివేళ్ళను, చేతివేళ్ళను తీసివేసినవి. త్రోసి నడిపే కోత యంత్రాల పిడిని మనిషి వదిలితే 3 సెకండ్లలో కత్తి ఆగిపోవాలని అమెరికా ప్రభుత్వ నిబంధన 1982 లో అమలులోకి వచ్చినది. కూర్చుండి నడిపే యంత్రాలలో ఆసనం మీట అదే ఉద్దేశంతో ఏర్పడినది. ఇంజను ఆగకుండా నడవాలని వంద సంవత్సరాలు పాటుపడిన మనుషులు, తుదకు అది తగిన వేళకు ఆగాలని కూడా నేర్చుకొన్నారు. కొందరు విసుగుతో ఈ మీట తీగలను కలిపి కట్టివేస్తారు. అది మరమ్మత్తు కాదు. పాత ప్రమాదాన్ని మళ్ళీ ఆహ్వానించడమే. పాడైన మీటను మార్చడమే సరియైన పని. కత్తుల దగ్గర చేయి పెట్టే ముందు ప్లగ్గు తీగను ఊడదీయడం తప్పనిసరి.

మన దేశంలో పెద్ద పచ్చికలు తక్కువే అయినా, ఈ విద్య మనకు పరాయిది కాదు. మందు చల్లే యంత్రాలలో, గడ్డి కోసే చేతి యంత్రాలలో చిన్న పెట్రోలు ఇంజనులు పనిచేస్తున్నవి. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నియమాలు వచ్చేవరకు మన మోటారు సైకిళ్ళలో చాలావాటికి కార్బ్యురేటరే ఉండేది. ఇప్పుడు కొత్త బండ్లలో ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరాలు కొలిచి చేస్తున్నవి.

తరగతిలో ఒక ఖాళీ డబ్బాకు ఒక కన్నం పొడిచి, నీరు నింపి, మూత బిగించి వంచి చూపవచ్చు. ధార ఎందుకు ఆగినదో విద్యార్థులు చెప్పిన తరువాత రెండవ కన్నం పొడవాలి. ఆ ధారను చూచిన విద్యార్థి, రేపు ఏ యంత్రం ఆగినా దానిని తిట్టడు, తన్నడు. ఎక్కడ ఏది అందలేదు అని అడుగుతాడు.